చిటికెడు రంగు

ధర్మవరంలో మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకున్నా, మాటలు మానేసుకున్నా, తెల్లవారితే ఒకే మగ్గం ముందర పక్కపక్కన కూర్చోక తప్పదు. రెండు పక్కలా వేరే రంగు పెద్దంచు వచ్చే పట్టుచీర ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పోగును అటూ ఇటూ మోసే కుడి అంచు నాడె ఒకరు విసిరితే ఎడమ అంచు నాడె ఇంకొకరు విసరాలి. ఒకరి చెయ్యి ఆగితే రెండోవాళ్ళ చెయ్యీ ఆగాల్సిందే. అందుకే ఆ వీధుల్లో ఆలుమగల అలకలు ఒక చీరకు మించి సాగవు.

తిరుపాల్, చౌడమ్మ ఇరవై రెండేళ్ళుగా అట్లా కూర్చుంటున్నారు. మగ్గం కింది గుంతలో కాళ్ళు వేలాడేసుకుని, అతను కుడివైపు, ఆమె ఎడమవైపు. మొదటి పదహారేళ్ళూ బాగానే గడిచాయి. ఆరేళ్ళ కిందట చౌడమ్మకు మెడలో పట్టేసినట్టు ఒక నొప్పి మొదలైంది. రెండ్రోజుల్లో పోతుందిలే అనుకుంది. అది పోలేదు సరికదా, మెడ నుంచి భుజానికి, భుజం నుంచి వెన్నులోకి దిగి, నడుములో కాపురం పెట్టేసింది.

ఆమె చేయని వైద్యం లేదు. నూనెలు రాసింది, పట్టీలు వేసింది, ధర్మవరంలో సూదులు పొడిపించుకుంది. నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట తెచ్చుకుంది. ఆఖరికి హిందూపురం పోయి పెద్ద స్కాన్ తీయించుకుంది. ఎముకలు బాగున్నాయి, డిస్కులు బాగున్నాయి, రక్తం బాగుంది. కాగితాలన్నీ అన్నీ బాగున్నాయని చెప్పేకొద్దీ చౌడమ్మ పరువు పోతూ వచ్చింది. ఏదో ఒక రోగం బయటపడేట్టు చూడు తల్లీ అని చౌడేశ్వరమ్మకు మొక్కిన మనిషి ఆ ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఇంట్లో తీర్పు మాత్రం ఎప్పుడో అయిపోయింది. తీర్పు చెప్పింది అత్త రామసుబ్బమ్మ. డెబ్బై దాటిన మనిషి, వాకిలి దగ్గర రాట్నం ముందేసుకుని పొద్దంతా పట్టుపోగు కండెలు చుడుతుంటుంది. ఆమె చుట్టిన కండె నాడెలో పడితే చివరి పోగు దాకా జారదని వీధంతా చెప్పుకుంటారు. ఆ మాట ఎంత నిజమో, ఆమె నాలుకకు పదునెక్కువన్న మాట కూడా అంతే నిజం. తానూ నలభై ఏండ్లు అదే గుంతలో కూర్చున్నానని, బిడ్డను కన్న మూడో నెలకే నాడె పట్టానని, నొప్పి అనే మాట తన నోట ఎవరూ విని ఉండరని ఆమె వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పేది. నొప్పి ఒంట్లో ఉంటే కాగితంలో కనపడాలి, కనపడలేదంటే అది మనసులో పుట్టిందని ఆమె లెక్క. కోడలు మూలిగినప్పుడల్లా రాట్నం ఇంకొంచెం జోరుగా తిప్పేది.

తిరుపాల్ మంచివాడే. కాకపోతే మంచివాళ్ళలో కొందరు నోరు తెరవాల్సిన చోట తెరవరు. తల్లి అన్నదానికి ఔననడు, కాదనడు. చౌడమ్మ లేస్తే తనూ లేచి బీడీ కాల్చుకుని వచ్చేవాడు. మొన్న మాఘమాసంలో మాత్రం ఒక మాట అన్నాడు. హిందూపురం వాళ్ళ పెళ్ళిచీర ఒకటి మగ్గమ్మీద ఉంది, మూడు మూరలు నేసేసరికి ఇరవై రోజులు పట్టింది. ఈ చీర దిగినాక మగ్గం ఎత్తేద్దామని, తాను హిందూపురంలో ఏ మిల్లులోనో పనికి పోతానని మెల్లగా చెప్పాడు. అతను కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పుంటే చౌడమ్మ తిరిగి నాలుగు మాటలు అని ఊరుకునేది.

మగ్గం పోతుందన్న బాధ ఒకటి. దానికంటే పెద్ద బాధ ఇంకొకటుంది. మగ్గం పోయినాక జనం ఏమంటారు? లేని నొప్పి ఉందని చెప్పి చౌడమ్మ ఉన్న మగ్గం పోగొట్టింది అంటారు. ఆ మాట తను పోయినా ఆ వీధిలో ఉండిపోతుంది. ఆమె భయమంతా దాని గురించే.

పెనుకొండ ఆసుపత్రిలో అమృత అని కొత్త డాక్టరమ్మ వచ్చిందని, ఓపిగ్గా చూస్తుందని ఎవరో చెబితే, ఇదొక్కటీ చూద్దామని చౌడమ్మ బస్సెక్కింది. డాక్టరమ్మ స్కాన్ కాగితాలు చూసి పక్కన పెట్టి, మెడా భుజమూ నొక్కి చూసింది. ఎట్లా కూర్చుంటావని అడిగితే చౌడమ్మ కుర్చీలోనే కూర్చుని చూపించింది. రాత్రి నిద్ర పడుతుందా అని కూడా అడిగింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. పక్కకు తిరిగినప్పుడల్లా మెలకువ వస్తుందని చౌడమ్మ చెప్పింది. డాక్టరమ్మ ఒక చిన్న మాత్ర రాసి, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకోమంది. నొప్పి వచ్చినా రాకపోయినా వేసుకోవాలని, గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని, ఎవరేమి చెప్పినా తనను అడక్కుండా మానొద్దని కూడా చెప్పింది. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. చౌడమ్మ తల ఊపి వచ్చేసింది.

ఎవరేమి చెప్పినా అని డాక్టరమ్మ ఎందుకన్నదో ఆ సాయంత్రమే తెలిసింది. ధర్మవరంలో వాళ్ళ వీధి మొదట్లో మారుతి మందుల అంగడి ఉంది. అంగట్లో పిల్లోడు మంచోడే, వరసకు తమ్ముడవుతాడు. ఎప్పుడూ రోడ్డు అవతలి వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది, అంతే.

“ఇది ఎవరికక్కా?” అన్నాడు చీటీ చూసి. “డిప్రెషన్ మాత్ర గదా ఇది.”

అంగట్లో ఐదుగురున్నారు. ఐదుగురూ చౌడమ్మ వైపు తిరిగారు. ఆమె మాత్రలు తీసుకుని ఇల్లు చేరేలోగా ఆ మాట ఆమె కంటే ముందే ఇంటికి చేరింది. రామసుబ్బమ్మ రాట్నం ఆపి, తాను చెప్తే ఎవరూ వినలేదని, ఇప్పుడు చదువుకున్న డాక్టరమ్మే రాసిచ్చిందని, పిచ్చి మాత్రల దాకా వచ్చింది వ్యవహారమని అంది. ఆమె గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు. అయినా చౌడమ్మకు అది అప్పుడు వినిపించలేదు. మాత్రల అట్టను తీసుకుపోయి చింతపండు డబ్బా వెనక పడేసింది.

ఆ రోజు ఆమె ఏడ్చింది. ఆరేళ్ళు ఒళ్ళు నొప్పి అని అరిచి అరిచి, ఆఖరికి నమ్మింది అనుకున్న మనిషి కూడా తలలో రోగమని రాసిచ్చింది. అత్త అంటే సరే. మొగుడు నోరు తెరవకపోతే సరే. ఇంత మెత్తగా మాట్లాడిన ఆ డాక్టరమ్మ కూడానా అని ఆమెకు కడుపు మండిపోయింది.

తొమ్మిది రోజులు ఆ అట్ట అక్కడే ఉంది. పదో రోజు చౌడమ్మ దాన్ని సంచిలో వేసుకుని మళ్ళీ పెనుకొండ బస్సెక్కింది. మాత్రలు ఆ డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, నాకు పిచ్చి లేదు అని చెప్పి రావాలి. బస్సులో కొండ కనపడే దాకా ఆ మాటే మనసులో అప్పజెప్పుకుంది. తీరా లోపలికి పోయాక అట్ట మాత్రమే బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ అట్ట చూసింది, ఒక్క మాత్ర కూడా తీయలేదని చూసింది.

“ఎవరో చెప్పినారు గదా?” అంది. ఆమెది కొత్తచెరువు, డాక్టరు చదువు చదివినా మాట ఆ ఊరిదే. “కూర్చో చౌడమ్మా. ముందు ఒకటి విను. నీ నొప్పి నిజమైన నొప్పి.”

చౌడమ్మ కూర్చుంది. ఆ మాట వినడానికి ఆరేళ్ళు పట్టింది. హిందూపురం పోయినా, అన్ని కాగితాలు తీయించినా దొరకని మాట. కళ్ళు నిండిపోయి ఎదురుగా డాక్టరమ్మ మొహం సరిగ్గా కనపడలేదు గానీ, ఛాతీ మీద నుంచి ఎవరో రాయి దించినట్టు మాత్రం ఉంది.

డాక్టరమ్మ మెల్లగా చెప్పుకుంటూ పోయింది. ఏండ్ల తరబడి ఒకే తీరున కూర్చుంటే కండరాలు నొచ్చుకుంటాయి. ఆ నొప్పిని మెదడుకు మోసే నరాలుంటాయి. ఎక్కువ కాలం మోసీ మోసీ వాటికి అరవడం అలవాటైపోతుంది. కండరం కొంచెం నొచ్చినా అవి పెద్దగా అరుస్తాయి. స్కాన్‌లో ఎముక కనపడుతుంది, అరుపు కనపడదు. ఈ మాత్ర ఆ అరుపును తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. మనసు కుంగినవాళ్ళకు ఇదే మందు డెబ్బై ఐదు, నూటయాభై మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. నీకు రాసింది పది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను, చాలామందికి పనిచేస్తుంది. మనసు కుంగితే మాత్రం ఏమి, అదీ రోగమే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే నీకు ఇచ్చింది దానికి కాదు.

చౌడమ్మ ఆ అట్టను వేలితో కాస్త దగ్గరికి జరుపుకుంది. తర్వాత, “మా రంగుల నాగన్న దగ్గర కూడా ఇంతే మేడమ్,” అంది. “పొడి ఒకటే. నీళ్ళలో చిటికెడేస్తే పట్టు లేత గులాబి అవుతాది. పిడికెడేస్తే రాణి రంగు. పొడి ఒకటే గదా అని ఆ రెండు చీరలు ఒకటే అని మా ఊర్లో ఎవరూ అనరు.”

డాక్టరమ్మ నవ్వింది. ఇన్నేళ్ళు తాను పేషెంట్లకు ఇది ఎట్లా చెప్పాలా అని తంటాలు పడుతున్నానని, ఇకనుంచి ఇదే చెప్తానని అంది. చౌడమ్మ అట్ట తీసి మళ్ళీ సంచిలో వేసుకుంది. అరగంటకొకసారి గుంతలోంచి లేవాలని, గోడకు ఆనుకుని చేతులు పైకి చాపాలని ఇంకో రెండు పనులు కూడా చెప్పించుకుని వచ్చింది.

ఆ రాత్రి నుంచే మొదలుపెట్టింది. మొదటి వారం నోరు ఎండిపోయేది, మూడు చెంబుల నీళ్ళు తాగినా నాలుక అంగిటికి అంటుకునేది. పొద్దున్నే కళ్ళు మూతలు పడేవి. రెండో వారానికి అవి తగ్గాయి, నొప్పి తగ్గలేదు. మానేద్దామా అనిపించింది. మూరెడు నేసి చీర రాలేదని మగ్గం ఎత్తేస్తామా అనుకుని సర్దుకుంది.

నాలుగో వారంలో ఒకరోజు ఆమె లేచేసరికి కిటికీలో వెలుగొచ్చేసింది. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో గుర్తు తెచ్చుకుందామని చూస్తే, ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆ రోజు మగ్గం మీద కూర్చుని నాడె విసురుతూ ఉంటే తిరుపాలే ఆపాడు.

“లెయ్యవా? గంటయింది,” అన్నాడు.

చౌడమ్మకు అప్పుడు తెలిసింది. నొప్పి పూర్తిగా పోలేదు. వెతికితే నడుములో ఉంది. కానీ వెతికితేనే ఉంది. ఆరేళ్ళుగా వెతక్కుండానే ఎదురొచ్చిన నొప్పి అది. ఆమె గుంతలోంచి లేచి గోడకు చేతులు చాపి నిలబడి, ఎవరూ చూడకుండా నవ్వుకుంది. ఆ సాయంత్రం తిరుపాల్ మిల్లు ఊసెత్తలేదు. రాత్రి అన్నాల దగ్గర, ఈ చీర దిగినాక ఇంకో పడుగు తెద్దామా అని అడిగాడు. అంతకంటే పెద్ద క్షమాపణ అతనికి రాదని ఆమెకు తెలుసు.

పెళ్ళిచీర చివరి గజంలో ఉండగా ఒక విచిత్రం జరిగింది. నాడె విసిరితే మధ్యలో కండె జారి పోగు చిక్కుపడింది. సరే అని విడదీసుకుని ఇంకోటి వేస్తే అదీ జారింది. తిరుపాల్ కండె చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తన జన్మలో అమ్మ చుట్టిన కండె జారడం చూడలేదన్నాడు. చౌడమ్మ లేచి వాకిట్లోకి పోయింది.

రామసుబ్బమ్మ రాట్నం మీద చెయ్యి పెట్టుకుని కునుకుతోంది. పొద్దున పదింటప్పుడు, ఆమె జన్మలో కునకని వేళలో. అలికిడికి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. అంతకు ముందు గంటలో రెండుసార్లు అడిగింది. చెంబు ఇస్తూ చౌడమ్మ ఆమె మొహం చూసింది. ఎండిన పెదాలు, బరువెక్కిన రెప్పలు. ఆ మొహం తనకు బాగా తెలుసు. మొన్నమొన్నటి దాకా అద్దంలో చూసుకున్నదే.

లోపలికి పోయి, తాను మాత్రలు పెట్టుకునే చింతపండు డబ్బా వెనక చెయ్యి పెట్టింది. అట్టలో ఆరుండాల్సిన చోట రెండున్నాయి. అట్లాగే వచ్చి అత్త ముందర చతికిలబడి కూర్చుంది.  అట్టను రాట్నం పక్కన పెట్టింది.

రామసుబ్బమ్మ వక్కాకు సంచి విప్పి, అందులోంచి చిరిగిన అట్టముక్కలో ఉన్న ఒక మాత్ర తీసి కోడలి చేతిలో పెట్టింది.

“పొద్దున్నే ఏసుకుంటాంటి,” అంది. “రాత్రయితే నువ్వు చూస్తావని. మూడే ఏసుకున్నా. ఇది రేపటికని పెట్టుకుంటి.”

“నొప్పి యాడ అత్తా?”

ముసలామె చెయ్యి వెనక్కి పెట్టి మెడ మీద నుంచి నడుము దాకా దించింది. చౌడమ్మ ఆరేళ్ళుగా డాక్టర్లకు చూపిస్తూ వచ్చిన దారి అది, ఒక్క వేలెడు కూడా తేడా లేదు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“తిరుపాల్ ఇస్కూలుకు పోతాన్నప్పటి నుంచి.” రామసుబ్బమ్మ గొంతు సన్నగా అయిపోయింది. “మా అత్తకు చెప్తే, మనసు పని మీద లేదు నీకు, అందుకే నొప్పి అనింది. నేను నమ్మితిని. నమ్మి నోరు మూసుకుంటి. నువ్వొచ్చి నొప్పి నొప్పి అంటాంటే... నీది నిజమని ఒప్పుకుంటే నాదీ నిజమే గదా చౌడమ్మా. ముప్పై ఐదేండ్లు ఊరికే పడితినే అని తెలుస్తాది గదా. దానికే ఒప్పుకోలేకపోతి.”

చౌడమ్మకు కోపం రావాలి. ఆరేళ్ళ మాటలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి, వరసగా అప్పజెప్పగలదు. అప్పజెబుదామనే నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషి, చిన్నపిల్ల దొంగిలించిన బెల్లం ముక్క తిరిగిచ్చినట్టు చెయ్యి చాపే ఉంది. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. లేచి వెనక్కి పోయి కూర్చుని, అత్త మెడ కింద రెండు బొటనవేళ్ళూ ఆనించి, డాక్టరమ్మ తనకు నొక్కిన చోటే మెల్లగా నొక్కింది. రామసుబ్బమ్మ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మూలుగు అంతవరకు ఎవరూ వినలేదు. లోపల మగ్గం దగ్గర నిలబడిన తిరుపాల్ కూడా విన్నాడు. అతను గడప దాకా వచ్చి, తల్లి మొహం చూసి, కుండలోంచి చెంబు నింపి తెచ్చి పెట్టాడు.

మర్నాడు మగ్గానికి సెలవిచ్చి అత్తాకోడళ్ళు పెనుకొండ పోయారు. మాత్రలు పంచుకున్నందుకు డాక్టరమ్మ ఇద్దరినీ కలిపే తిట్టింది. ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగకూడదని, అందులోనూ ఈ వయసులో కళ్ళు తిరిగి పడితే తుంటి విరుగుతుందని, గుండె ఎట్లుందో చూడకుండా ఈ మాత్ర ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. గుండె పరీక్షకు చీటీ రాసి పక్కన పెట్టింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, అవ్వా, నీ నొప్పి సంగతి చెప్పు అంది.

రామసుబ్బమ్మ కోడలి వైపు చూసింది. సాక్ష్యం కావాలన్నట్టు చూసింది.

“నిజమైన నొప్పే మేడమ్,” అంది చౌడమ్మ.

అంతే, ఆమె మొదలుపెట్టింది. మొదటిసారి పట్టేసిన రోజు వాన పడుతోందని, మగ్గం మీద ఆకుపచ్చ చీర ఉందని, నాడె చేతిలోంచి జారిందని, ఆ రాత్రి మొగుడికి చెప్పబోయి ఆగిందని. డాక్టరమ్మ ఆపలేదు, కలం కింద పెట్టి వింది. ముసలామె చెప్పేకొద్దీ ఆమె భుజాలు కొంచెం కొంచెం కిందికి దిగడం చౌడమ్మ చూసింది. డాక్టరమ్మ ఇంకా ఏ మందూ రాయకముందే.

పావుగంట దాటింది. తలుపు దగ్గర ఓబులదేవరచెరువు నుంచి వచ్చిన రైతొకాయన లోపలికి తొంగి చూసి, ఇంకా ఎంతసేపమ్మా, బస్సు పోతాదని విసుక్కున్నాడు. చౌడమ్మ లేచి తలుపు దగ్గరికి పోయింది.

“కొంచెం ఓపిక పట్టప్పా,” అంది. “ముప్పై ఐదేండ్లది చెప్తాండాది.”